ట్యాబులున్న తేలికైన టెర్మినల్: పాత డెస్క్‌టాప్‌కి ఏది పెట్టుకోవాలి?

మా మేనకోడలు డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకుంది. కొత్త ల్యాప్‌టాప్ కొనే వీలు లేక సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వాడిన డెస్క్‌టాప్ ఒకటి తెచ్చాం. కోర్ 2 డ్యువో ప్రాసెసర్, జీ41 బోర్డు, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్. దానిమీద డెబియన్ అనే లైనక్స్ వేసి ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ (తెరమీద ప్యానెల్, మెనూలు, కిటికీలు చూపించే ప్రోగ్రాముల సెట్టు) పెట్టాను. వారం తిరక్కుండానే ఫోన్ చేసింది. “మామయ్యా, నెట్‌లో ఒక్కొక్కరు ఒక్కో టెర్మినల్ పేరు చెబుతున్నారు. ఒకటి ఫాస్ట్ అంటారు, ఇంకోటి లైట్ అంటారు. నాకు నాలుగైదు ట్యాబులు కావాలి, మెషీన్ మొరాయించకూడదు. ఏది పెట్టుకోను?” అని అడిగింది.

టెర్మినల్ అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీ. తనకు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. ఎక్స్‌ఎఫ్‌సీఈ వాడేవాళ్లు దాంతోపాటు వచ్చే ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్‌నే ఉంచుకోండి. లుబుంటు లాంటి ఎల్‌ఎక్స్‌క్యూటీ డెస్క్‌టాప్ అయితే క్యూటెర్మినల్. హంగులేమీ లేకుండా, విండోలను అమర్చిపెట్టే ఓపెన్‌బాక్స్ లాంటి విండో మేనేజర్ ఒక్కటే వాడుతుంటే ఎల్‌ఎక్స్‌టెర్మినల్ లేదా సకురా. కేడీఈ డెస్క్‌టాప్ వాడేవాళ్లు అందులోని కాన్సోల్ అనే టెర్మినల్‌ని తీసేసి ఇంకేదో తేలికైనది వెతకడం వృథా శ్రమ.

అంటే నాలుగు రకాల వాళ్లకు నాలుగు జవాబులు. దీనికి కారణం ఉంది.

తూచాల్సింది దేన్ని?

టెర్మినల్ తేలికా బరువా అన్నది ఆ ప్రోగ్రామ్ ఒక్కదాన్నే చూసి చెప్పలేం. అది ఏ లైబ్రరీల (చాలా ప్రోగ్రాములు పంచుకుని వాడే కోడ్) మీద నిలబడింది, అవి మీ మెషీన్‌లో ఇప్పటికే నడుస్తున్నాయా లేదా అన్నది చూడాలి.

గ్నోమ్ టెర్మినల్, ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్, మాటే టెర్మినల్, ఎల్‌ఎక్స్‌టెర్మినల్, సకురా, రాక్స్‌టెర్మ్, టిలిక్స్, టెర్మినేటర్, గ్వాకే, టిల్డా. పేర్లు పది ఉన్నాయి గానీ లోపల పనిచేసే ఇంజిన్ ఒక్కటే. దాని పేరు వీటీఈ, గ్నోమ్ ప్రాజెక్టు తయారుచేసిన లైబ్రరీ. అక్షరాలను తెరమీద గీయడం, రంగుల సంకేతాలు అర్థం చేసుకోవడం, పైకి జరిపి చూసుకునే పాత వరుసలను దాచిపెట్టడం, ఇవన్నీ అదే చేస్తుంది. మెనూ, ట్యాబులు, సెట్టింగుల కిటికీ మాత్రం ఎవరి ప్రోగ్రామ్ వాళ్లు దాని చుట్టూ కట్టుకున్నారు. కాబట్టి ఈ పదిలో ఒకటి ఇంకోదానికంటే రెట్టింపు వేగంగా అక్షరాలు చూపిస్తుందని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. వాటి మధ్య తేడాలన్నీ చుట్టూ కట్టిన భాగంలోనే ఉంటాయి.

క్యూటెర్మినల్ ఈ కుటుంబం కాదు. అది క్యూటెర్మ్‌విడ్జెట్ అనే లైబ్రరీ మీద నడుస్తుంది. ఆ లైబ్రరీ కోడ్ కేడీఈ వాళ్ల కాన్సోల్ నుంచి పుట్టింది. దీనికి క్యూటీ కావాలి, వీటీఈ వాటికి జీటీకే కావాలి. రెండూ కిటికీలు, మెనూలు, బటన్లు గీసే లైబ్రరీలే.

ఉమ్మడి కుటుంబంలో పొయ్యి ఎలాగూ వెలిగే ఉంటుంది కాబట్టి ఒక చుట్టం వస్తే ఇంకో విస్తరి వేస్తే సరిపోతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లో ప్యానెల్, ఫైల్ మేనేజర్, సెట్టింగులు అన్నీ జీటీకే మీదే నడుస్తాయి. అక్కడ జీటీకే టెర్మినల్ తెరిస్తే లైబ్రరీల్లో చాలా భాగం ముందే ర్యామ్‌లో ఉంటుంది. అదే చోట క్యూటెర్మినల్ తెరిస్తే దానికోసం క్యూటీ మొత్తం వేరే పొయ్యిలా వెలిగించాలి. ఎల్‌ఎక్స్‌క్యూటీ డెస్క్‌టాప్‌లో సరిగ్గా దీనికి రివర్స్. హార్డ్ డిస్క్ ఉన్న పాత మెషీన్‌లో ఇది కంటికే కనబడుతుంది. లైబ్రరీలు ర్యామ్‌లో లేకపోతే టెర్మినల్ మొదటిసారి తెరుచుకునేలోపు డిస్క్ గరగరలాడుతుంది, రెండోసారి చటుక్కున వస్తుంది.

ఇక ర్యామ్ లెక్క. చాలామంది నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపించే హెచ్‌టాప్ తెరిచి ఆర్‌ఈఎస్ అనే కాలమ్ చూసి ఇది ఇన్ని ఎంబీ, అది అన్ని ఎంబీ అని పోలుస్తారు. ఆ అంకెలో పదిమంది పంచుకుంటున్న లైబ్రరీని కూడా ప్రతి ప్రోగ్రామ్ ఖాతాలోనూ పూర్తిగా రాస్తారు. అందువల్ల జీటీకే ప్రోగ్రాములన్నీ నిజంగా వాడేదానికంటే బరువుగా కనిపిస్తాయి. ఎస్‌మెమ్ అనే చిన్న ప్యాకేజీ వేసుకుంటే అది పీఎస్‌ఎస్ అనే ఇంకో కాలమ్ చూపిస్తుంది. అందులో పంచుకున్న భాగాన్ని ఎంతమంది పంచుకుంటే అంతమందికీ భాగించి రాస్తారు. పోల్చాల్సింది ఆ అంకెను.

ఇంకా సులువైన పద్ధతి ఒకటుంది. కంప్యూటర్ ఇప్పుడే ఆన్ చేసిన స్థితిలో ఫ్రీ అనే కమాండ్ ఇచ్చి చివరి కాలమ్‌లో అందుబాటులో ఉన్న ర్యామ్ ఎంతో కాగితం మీద రాసుకోండి. మీరు చూడాలనుకున్న టెర్మినల్ తెరిచి, మీరు రోజూ తెరిచేన్ని ట్యాబులు తెరిచి, మళ్లీ చూడండి. తగ్గినదే దాని అసలు ఖరీదు. ఒక ట్యాబ్‌తో చూసి ఆగకండి. తొలి ట్యాబ్ బరువు అందరికీ కనబడుతుంది, మీకు కావాల్సింది ఎనిమిదో ట్యాబ్ బరువు. ప్రతి ట్యాబ్‌లోనూ మన కమాండ్లు తీసుకుని నడిపే బాష్ ఒకటి ఉంటుంది, దాని బరువు ఏ టెర్మినల్‌లోనైనా ఒకటే. అది మినహాయిస్తే, ఒకే ప్రాసెస్‌లో (అంటే నడుస్తున్న ఒకే ప్రోగ్రామ్‌గా) అన్ని ట్యాబులూ నడిపే టెర్మినల్‌లో కొత్త ట్యాబుకు అయ్యేది చాలా తక్కువ.

పాతకాలపు ఎక్స్‌టెర్మ్ సంగతి అందుకే వేరు. అది 1984 ప్రాంతంలో పుట్టింది, తెరమీద విండోలు చూపించే ఎక్స్ విండో వ్యవస్థ కన్నా ముందు. థామస్ డికీ 1996 నుంచి దాన్ని చూసుకుంటున్నారు, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తున్నాయి. ఒక్క విండోగా దాన్ని మించిన తేలిక దొరకడం కష్టం. కానీ ట్యాబులు లేవు. పది పనులుంటే పది విండోలు, పది ప్రాసెసులు. వాటిలో కావాల్సింది వెతుక్కోవడానికి పట్టే సమయం ఏ ఎస్‌మెమ్ లెక్కలోనూ రాదు.

ఒకే ప్రాసెస్‌లో ఉన్న చిక్కు

ఎల్‌ఎక్స్‌టెర్మినల్, ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్, గ్నోమ్ టెర్మినల్ మూడూ ఎన్ని విండోలు తెరిచినా మామూలుగా ఒకే ప్రాసెస్‌లో నడుపుతాయి. ర్యామ్ ఆదా అవుతుంది. కానీ ఆ ఒక్క ప్రాసెస్ పోతే అన్నీ పోతాయి.

నాకు ఇది అనుభవం. ఒక రాత్రి దూరంలో ఉన్న సర్వర్‌లో డేటాబేస్ కాపీ పెట్టి, మిగతా ట్యాబుల్లో వేరే పనులు చేసుకుంటున్నాను. పని అయిపోయిన ఒక ట్యాబ్ మూసేద్దామని కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని డబ్ల్యూ నొక్కబోయి పక్కనున్న క్యూ నొక్కాను. క్యూ అంటే విండో మొత్తం మూసెయ్యమని. మూసేముందు అడిగే సెట్టింగ్‌ను అంతకుముందే నేను తీసేసి ఉన్నాను. మూడు గంటలుగా నడుస్తున్న కాపీ మధ్యలో తెగింది, తెల్లవారుజామున మళ్లీ మొదటినుంచి పెట్టాల్సి వచ్చింది.

విండో మూసుకున్నప్పుడు అందులో నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కూ హ్యాంగప్ అనే సంకేతం వెళ్తుంది. దూరపు సర్వర్‌కి మనల్ని కలిపే ఎస్‌ఎస్‌హెచ్ ఆగిపోతుంది. సర్వర్ వైపు కూడా ఆ లాగిన్ తెగిపోయి, దానికింద నడుస్తున్న పని అక్కడే ఆగుతుంది. దీనికి మందు వేరే టెర్మినల్ పెట్టుకోవడం కాదు, టీమక్స్. నికోలస్ మారియట్ 2007లో మొదలుపెట్టిన ప్రోగ్రామ్ అది. దాన్ని సర్వర్‌లో నడిపి, దాని లోపల పని పెట్టండి. మీ టెర్మినల్ మూసుకున్నా, కరెంటు పోయినా, సర్వర్‌లో టీమక్స్ దాన్ని నడుపుతూనే ఉంటుంది. మళ్లీ లాగిన్ అయి అటాచ్ అంటే వదిలేసిన చోటే తెర ప్రత్యక్షమవుతుంది. మన ఊళ్లలో ఎండాకాలం కరెంటు కోతలు తెలిసినవాళ్లకు దీని విలువ ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

టీమక్స్ ఉంటే ఇక టెర్మినల్‌కి ట్యాబులెందుకు అని కొందరంటారు. కొంతవరకు నిజమే. టీమక్స్ లోపలి విండోలు ట్యాబుల్లాగే పనిచేస్తాయి. అయితే కంట్రోల్ బీ నొక్కి తర్వాత ఇంకో మీట నొక్కే అలవాటు రావాలి. మౌస్‌తో కాపీ చేయడం, పైకి జరిపి చూడడం కూడా మొదట్లో వేరుగా ఉంటాయి. నేర్చుకుంటున్న పిల్లలకు మొదటిరోజే ఇది అంటగట్టడం నాకిష్టం లేదు. డెస్క్‌టాప్‌లో ట్యాబులు, సర్వర్‌లో టీమక్స్. నా పద్ధతి ఇది.

ఒక్కొక్కదాని సంగతి

ఎల్‌ఎక్స్‌టెర్మినల్‌తో మొదలుపెడతాను. ఎల్‌ఎక్స్‌డీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ కోసం తయారైంది. రాస్‌ప్‌బెర్రీ పై వాడినవాళ్లకు తెలియకుండానే పరిచయం, ఎందుకంటే దాని డెస్క్‌టాప్‌లో కమాండ్ల కోసం తెరుచుకునేది ఇదే. చిన్న బోర్డుకోసం ఎంచుకున్నది కాబట్టి మన పాత డెస్క్‌టాప్‌కీ సరిపోతుంది. మెనూ ఉంది, సెట్టింగులకు చిన్న కిటికీ ఉంది, ట్యాబులు పైనా కిందా పక్కనా ఎక్కడైనా పెట్టుకోవచ్చు. కంట్రోల్ షిఫ్ట్ టీ నొక్కితే కొత్త ట్యాబ్, కంట్రోల్ పట్టుకుని పేజ్ అప్, పేజ్ డౌన్ నొక్కితే అటూ ఇటూ. విండోను ముక్కలు చేసి పక్కపక్కన చూసుకునే వీలు లేదు. రంగుల అందచందాలు పరిమితం. నాకు నచ్చేది ఏమిటంటే ఇందులో అర్థంకాని సెట్టింగ్ ఒక్కటి కూడా ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు పది నిమిషాల్లో మొత్తం తెలిసిపోతుంది.

సకురా ఇంకా చిన్నది. మెనూ బార్ లేదు, అన్నీ కుడి క్లిక్‌లోనే. వీటీఈ, జీటీకే తప్ప గ్నోమ్ తాలూకు ఇతర సరంజామా ఏదీ కోరదు కాబట్టి ప్యాకేజీ వేసేటప్పుడు వెనకాల చాంతాడంత జాబితా రాదు. ట్యాబ్ మార్చడానికి ఆల్ట్‌తో బాణం మీటలు. ఇవి వేరే ప్రోగ్రాముల్లో వాడే మీటలతో ఢీకొంటే దాని సెట్టింగ్ ఫైల్ తెరిచి మార్చుకోవాలి. ఫైలులో మార్చుకోవడం ఇబ్బంది అనిపించనివాళ్లకు ఇది మంచి తోడు.

ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్ దగ్గర కొంచెంసేపు ఆగాలి, మా మేనకోడలు మెషీన్‌లో చివరికి నిలిచింది ఇదే. ఎల్‌ఎక్స్‌టెర్మినల్ కన్నా కొద్దిగా బరువు. ఆ కొద్దిపాటి బరువుకి బదులుగా ఇచ్చేవి మాత్రం నిజంగా రోజూ అక్కరకొచ్చేవే.

మొదటిది, వెనకాల ఉన్న ట్యాబ్‌లో ఏదైనా కదలిక వస్తే ఆ ట్యాబ్ పేరు రంగు మారుతుంది. ఒక ట్యాబ్‌లో ప్రోగ్రామ్ కంపైల్ పెట్టి ఇంకోదాంట్లో చదువుకుంటున్నప్పుడు మాటిమాటికీ వెళ్లి చూడనక్కర్లేదు.

రెండోది, వెబ్ పేజీ నుంచి కాపీ చేసి పేస్ట్ చేసినప్పుడు అందులో ఒకటికంటే ఎక్కువ వరుసలుంటే, పేస్ట్ చేసేముందు చూపించి అడుగుతుంది. నేర్చుకునేవాళ్లు నెట్‌లో దొరికిన కమాండ్‌ని అలాగే తెచ్చి పెడతారు. వరుస చివర ఎంటర్ దాగి ఉంటే చదివేలోపే అది నడిచిపోతుంది. ఆ కిటికీ వచ్చినప్పుడు విసుక్కోకుండా ఒకసారి చదవమని తనకు గట్టిగా చెప్పాను, మీకూ చెబుతున్నాను. క్యూటెర్మినల్‌లో కూడా ఈ రక్షణ ఉంది.

మూడోది, ఎఫ్10 మీట. హెచ్‌టాప్ నుంచి బయటికి రావాలన్నా, మిడ్‌నైట్ కమాండర్ అనే ఫైల్ మేనేజర్ మూయాలన్నా ఎఫ్10 నొక్కాలి. మెనూ ఉన్న టెర్మినళ్లు ఆ మీటను తమ మెనూ తెరవడానికి లాక్కుంటాయి. ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్‌లో, ఎల్‌ఎక్స్‌టెర్మినల్‌లో దీన్ని ఆపే గడి సెట్టింగుల్లోనే ఉంది. ఆల్ట్‌తో మెనూ తెరుచుకోకుండా కూడా ఆపొచ్చు. టెర్మినల్ వేసిన వెంటనే నేను చేసే మొదటి పని ఇది.

ఇవికాక పైనుంచి పరదాలా దిగే డ్రాప్‌డౌన్ పద్ధతి కూడా ఇందులోనే ఉంది. క్వేక్ అనే ఆటలోని కన్సోల్ చూసి పుట్టిన పద్ధతి అది. గ్వాకే, యాకువాకే అనే పేర్లలో కూడా ఆ ఆట పేరు వినిపిస్తుంది. దానికోసం వేరే ప్రోగ్రామ్ వేయాల్సిన పని లేదు.

క్యూటెర్మినల్ విషయానికొస్తే, లుబుంటు 2018 అక్టోబర్‌లో 18.10 వెర్షన్‌తో ఎల్‌ఎక్స్‌క్యూటీకి మారినప్పటినుంచి చాలామందికి చేరువైంది. ట్యాబులతోపాటు ఒక ట్యాబ్‌ని నిలువుగా, అడ్డంగా చీల్చుకునే వీలు దీనిలో ఉంది. ఒకపక్క కోడ్, ఇంకోపక్క దాని ఫలితం చూసుకోవాలనుకునేవాళ్లకు పైన చెప్పిన మూడింటికన్నా ఇదే మేలు. డ్రాప్‌డౌన్ కూడా ఉంది. జీటీకే డెస్క్‌టాప్ వాడుతున్నా ఈ చీలిక కోసమే దీన్ని ఎంచుకుంటే నేను కాదనను. ఆ ఖర్చు తెలిసి పెట్టుకోండి, అంతే.

కాన్సోల్‌ని బరువని పక్కన పెట్టేస్తారు. కేడీఈ ప్లాస్మా నడుస్తున్న మెషీన్‌లో దానికి కావాల్సినవన్నీ ముందే ఉంటాయి. ఒక ట్యాబ్‌లో సందడి ఆగిపోయినప్పుడు కబురు చెప్పే సదుపాయం దీనిలో ఉంది. కదలిక వచ్చినప్పుడు చెప్పడం కన్నా ఇది నాకు ఇంకా ఉపయోగం, పెద్ద పని ముగిసిందని తెలిసేది నిశ్శబ్దం వల్లే కదా.

టెర్మినేటర్‌ని నేను తేలికైన వాటిలో కలపను. పైథాన్‌లో రాసింది, తెరుచుకోవడం నిదానం. చీలికలు ఎన్నెన్నో కావాలంటే మాత్రం బాగుంటుంది. టిలిక్స్ చూడచక్కగా ఉంటుంది గానీ దాన్ని చూసుకునేవాళ్లు కరువయ్యారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు చెప్పలేను.

యూఆర్‌ఎక్స్‌వీటీ వేరే తోవ. డీమన్ అనే ప్రోగ్రామ్ ఒకటి కనబడకుండా వెనకాల నడుస్తుంటే ప్రతి కొత్త విండో దాని దగ్గరినుంచే వస్తుంది, అందుకే రెప్పపాటులో తెరుచుకుంటుంది. పెర్ల్‌లో రాసిన చిన్న తోడుతో ట్యాబులు కూడా వస్తాయి. అయితే రంగులు, ఫాంట్లు, మీటలు అన్నీ ఎక్స్ రిసోర్సెస్ అనే సెట్టింగ్ ఫైలులో చేత్తో రాసుకోవాలి. 1 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌ని బతికించాలనుకుంటే ఆ కష్టం పడొచ్చు. 4 జీబీ ఉన్నవాళ్లకు అవసరం లేదు.

గ్రాఫిక్స్ కార్డుతో నడిచేవి

మా మేనకోడలికి నెట్‌లో ఎక్కువగా కనబడ్డ పేర్లు ఇవే: అలాక్రిటీ, కిట్టీ, వెజ్‌టెర్మ్, గోస్టీ. అక్షరాలు గీసే పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగిస్తాయి. పెద్ద పెద్ద లాగ్ ఫైళ్లు తెరమీద పరుగులు పెడుతున్నప్పుడు వీటి వేగం నిజమే.

కానీ వేగం, తేలిక ఒకటి కాదు. గ్రాఫిక్స్ డ్రైవర్, అక్షరాల బొమ్మలు దాచుకునే చోటు అన్నీ కలిపితే వీటి ర్యామ్ లెక్క మూడంకెల ఎంబీకి చేరడం మామూలే. పైగా కిట్టీ లాంటివాటికి గ్రాఫిక్స్ చిప్‌తో మాట్లాడే ఓపెన్‌జీఎల్‌లో మూడో వరుస వెర్షన్ కావాలి. జీ41 బోర్డులోని ఇంటెల్ గ్రాఫిక్స్ లైనక్స్‌లో 2.1 దగ్గరే ఆగిపోతుంది. అలాంటప్పుడు టెర్మినల్ తెరుచుకోనైనా తెరుచుకోదు, లేదా గ్రాఫిక్స్ పనంతా ప్రాసెసరే సాఫ్ట్‌వేర్‌తో చేయాల్సి వస్తుంది. వేగం కోసం పెట్టుకున్నది ఫ్యాన్ గోలగా తేలుతుంది. మీ మెషీన్ సంగతి తెలియాలంటే జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో కమాండ్‌లో ఓపెన్‌జీఎల్ వెర్షన్ వరుస చూడండి.

ట్యాబుల విషయంలో వీటిలో కూడా తేడా ఉంది. 2017లో బయటికొచ్చిన అలాక్రిటీ ట్యాబులు పెట్టకూడదని కావాలనే నిర్ణయించుకుంది, ఆ పని టీమక్స్‌దో విండో మేనేజర్‌దో అంటుంది. ఎక్స్ స్థానంలో వస్తున్న వేలాండ్ కోసం రాసిన ఫుట్ చాలా తేలిక, దానికీ ట్యాబులు లేవు. కిట్టీలో ట్యాబులు, చీలికలు రెండూ ఉన్నాయి. కాలిబర్ అనే ఈ-పుస్తకాల ప్రోగ్రామ్ రాసిన కోవిద్ గోయల్‌దే ఇది కూడా. వెజ్‌టెర్మ్‌లో, 2024 డిసెంబర్‌లో 1.0 వచ్చిన గోస్టీలో కూడా ట్యాబులున్నాయి. కొత్త మెషీన్, మంచి గ్రాఫిక్స్, 8 జీబీ పైన ర్యామ్ ఉంటే కిట్టీని నేను మనస్ఫూర్తిగా చెబుతాను.

పాత సర్వర్లలోకి ఎస్‌ఎస్‌హెచ్ చేసేవాళ్లకు ఒక జాగ్రత్త. కిట్టీ, అలాక్రిటీ, ఫుట్, గోస్టీ తమను తాము సొంత పేరుతో సర్వర్‌కి పరిచయం చేసుకుంటాయి. సర్వర్‌కి ఆ పేరు తెలియకపోతే బ్యాక్‌స్పేస్ వింతగా పనిచేస్తుంది, టాప్, హెచ్‌టాప్ లాంటివి తెరుచుకోమని మొండికేస్తాయి. కిట్టీ దీనికోసం సొంత ఎస్‌ఎస్‌హెచ్ సహాయకాన్ని ఇస్తుంది. వీటీఈ టెర్మినళ్లు అందరికీ తెలిసిన ఎక్స్‌టెర్మ్ 256 కలర్ పేరే చెప్పుకుంటాయి కాబట్టి ఈ టెన్షన్ లేదు.

వీటీఈని కూడా మరీ నిదానం అనుకోనక్కర్లేదు. 2024 మార్చిలో గ్నోమ్ 46 వచ్చేనాటికి దానిలో గీసే పద్ధతిని చాలా మెరుగుపరిచారు. మీట నొక్కడానికి, అక్షరం కనబడడానికి మధ్య ఆలస్యం తగ్గింది. కొత్త లైనక్స్ డిస్ట్రో వేసుకుంటే అదే పాత ఎల్‌ఎక్స్‌టెర్మినల్‌కి కూడా ఇందులో వాటా దక్కుతుంది.

మన తెలుగు వీటిలో ఎలా కనిపిస్తుంది?

ఫోల్డర్ పేరు తెలుగులో పెట్టుకుని, ఫైళ్ల జాబితా చూపించే ఎల్‌ఎస్ కమాండ్ కొట్టినవాళ్లకు ఆ బాధ తెలుసు. ఒత్తులు విడిపోతాయి, అక్షరాల మధ్య ఖాళీలు వస్తాయి, కర్సర్ ఒకచోట ఉంటే చెరిగేది ఇంకోచోట. ఇది ఫాంట్ లోపం అనుకుని చాలామంది ఫాంట్లు మారుస్తూ కూర్చుంటారు.

టెర్మినల్ గళ్ల నోటు పుస్తకం లాంటిది. ఒక్కో అక్షరం ఒక్కో గడిలో కూర్చోవాలి. చైనా, జపాన్ లిపులకు రెండేసి గళ్లిచ్చే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. మన లిపి ఆ గళ్లకు లొంగదు. యూనికోడ్ వర్గీకరణలో దీర్ఘం, గుడి, ఎత్వం లాంటివి సొంత చోటు అడగని గుర్తులు. కొమ్ము, కొమ్ముదీర్ఘం, సున్నా మాత్రం చోటు అడిగే గుర్తులు. దాన్ని నమ్ముకుని గళ్లు పంచే ప్రోగ్రామ్‌కి ‘లి’ ఒక గడి, ‘లు’ రెండు గళ్లు. ఒత్తు అక్షరంలోని రెండో హల్లుకు ఇంకో గడి. కాబట్టి ‘అక్క’ అనే మాటలో కిందికి వెళ్లాల్సిన కకారం పక్క గడిలో నిలబడుతుంది.

ఒత్తుతో కూడిన అక్షరాన్ని విడదీయరాని ఒకే సమూహంగా చూడాలన్న నియమం యూనికోడ్‌లోకి వచ్చిందే 2023 సెప్టెంబర్‌లో, 15.1 వెర్షన్‌తో. తెలుగు దానిలో ఉంది. గోస్టీ, కిట్టీ లాంటి కొత్తవి గళ్లను అక్షర సమూహాల లెక్కన పంచే దారి పట్టాయి. అయితే టెర్మినల్ ఒక్కటి మారితే చాలదు. దాని లోపల నడిచే బాష్, విమ్ ఎడిటర్, ఎల్‌ఎస్ కూడా అదే లెక్క వేయాలి, లేకపోతే కర్సర్ తప్పుతూనే ఉంటుంది. వీటీఈ వాటిలో తెలుగు సరిగ్గా కనబడుతుందని నేను మాటివ్వలేను. బహుభాషల కోసమే పుట్టిన ఎంఎల్‌టెర్మ్ అనే టెర్మినల్ భారతీయ లిపులను కూడా దృష్టిలో పెట్టుకుంది. తెలుగు చదవడమే ముఖ్యమైతే దాన్ని ఒకసారి చూడండి.

ఒక ధైర్యం మాత్రం చెప్పగలను. తెర మీద విరిగి కనబడినా లోపల ఫైల్ పేరు చెక్కు చెదరదు. మొదటి అక్షరం కొట్టి ట్యాబ్ మీట నొక్కితే మిగతాది అదే పూర్తవుతుంది. తెలుగు వ్యాసం రాయాలంటే టెర్మినల్‌లో కుస్తీ పట్టకుండా మౌస్‌ప్యాడ్ లేదా ఫెదర్‌ప్యాడ్ లాంటి చిన్న ఎడిటర్ తెరవండి. వాటిలో మన అక్షరం మన అక్షరంలాగే ఉంటుంది. తెలుగులో కోడ్ నేర్చుకునే పిల్లలకు ఈ గళ్ల గోడ ఎంత అడ్డమో చూశాక, ఇది త్వరగా తీరాలని నాకు గట్టిగా ఉంది.

పెట్టుకున్నాక చేయాల్సినవి

మూసేముందు అడిగే సెట్టింగ్‌ను ఎప్పుడూ తీసెయ్యకండి. కారణం పైన చెప్పాను.

స్క్రోల్‌బ్యాక్ అంటే పైకి జరిపి చూసుకునే వరుసల లెక్క. ఎల్‌ఎక్స్‌టెర్మినల్, ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్ మామూలుగా 1000 వరుసలు ఉంచుతాయి. చదువుకునేవాళ్లకు 5000 హాయిగా సరిపోతుంది. హద్దే లేకుండా పెట్టే వీలు కొన్నిట్లో ఉంది, తొందరపడి అది ఎంచుకోకండి. వీటీఈ ఈ వరుసలను కుదించి, సంకేత భాషలోకి మార్చి తాత్కాలిక ఫైలులో రాస్తుంది. మీ సిస్టమ్‌లో తాత్కాలిక ఫోల్డర్ ర్యామ్‌లోనే ఉండేలా అమర్చి ఉంటే డిస్క్‌లోకి పోవాల్సినవి ర్యామ్‌ని తింటాయి. ఎంతో వెతికి తేలికైన టెర్మినల్ పెట్టుకుని ఇక్కడ పోగొట్టుకోవడం బాధాకరం.

వెనకాల పారదర్శకంగా కనబడే హంగు పాత గ్రాఫిక్స్ మీద తీసెయ్యండి. మెనూ బార్ అవసరం లేకపోతే దాచేస్తే రెండు వరుసలు అదనంగా కనబడతాయి, చిన్న మానిటర్‌లో అది కూడా కలిసొస్తుంది.

చివరిగా, డెబియన్, ఉబుంటు కుటుంబంలో ఏ టెర్మినల్‌ని మామూలుగా తెరవాలో అప్‌డేట్ ఆల్టర్నేటివ్స్ కమాండ్‌తో చెప్పొచ్చు. ఎక్స్ టెర్మినల్ ఎమ్యులేటర్ అనే పేరు కింద వేసినవన్నీ అంకెలతో వస్తాయి, కావాల్సిన అంకె కొట్టాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈలో అయితే డీఫాల్ట్ అప్లికేషన్స్ కిటికీలో కూడా మార్చాలి, లేకపోతే ఫైల్ మేనేజర్ నుంచి పాతదే తెరుచుకుంటుంది. మా మేనకోడలి మెషీన్‌లో కంట్రోల్ ఆల్ట్ టీ మీటలకు ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్ కట్టాను. కాలేజీ సర్వర్‌కి ఒక ట్యాబ్, పైథాన్‌కి ఒకటి, గిట్‌కి ఒకటి, హెచ్‌టాప్‌కి ఒకటి పెట్టుకుని పని చేసుకుంటోంది. బ్రౌజర్‌లో పాఠం వీడియో నడుస్తుండగా కూడా ర్యామ్ ఇంకా మిగులుతోంది.